పాత 32-20 తూటాకు ఏ గుండు నప్పుతుంది? చేటు జంతువుల వేటకు గుండు రకాల పోలిక

32-20 తూటాను వించెస్టర్ కంపెనీ 1882లో తన 1873 నమూనా లివర్ రైఫిల్ (ట్రిగ్గర్ కింది పిడిని ఊపి తూటా ఎక్కించే తుపాకి) కోసం తయారుచేసింది. సుమారు రెండేళ్లకు అది కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వర్లలోకి, 1899లో స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లలోకి చేరింది. పేరులోని 32 గుండు వ్యాసాన్ని అంగుళంలో నూరోవంతులలో సుమారుగా చెబుతుంది. 20 అనేది మొదట్లో అందులో పోసిన నల్ల తుపాకి మందు బరువును గ్రెయిన్లలో (ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు) చెబుతుంది. నడుముకు కట్టుకున్న రివాల్వర్‌కూ, గుర్రం జీనుకు వేలాడే రైఫిల్‌కూ ఒకే తూటా సరిపోవడం అమెరికా పశుపాలకులకు, రైతులకు ఎంతో వెసులుబాటు అనిపించింది. పొలంలో గుంతలు తవ్వే వుడ్‌చక్ అనే పెద్ద ఉడుత జాతి జంతువును, కోళ్లను ఎత్తుకుపోయే నక్కను, పచ్చిక మేసేసే జాక్‌రాబిట్ అనే పెద్ద కుందేలును అదుపులో పెట్టడానికి వాళ్లు దశాబ్దాల పాటు దీన్నే వాడారు.

ఇప్పుడు ఈ తూటాతో వేటాడేవాళ్లలో చాలామంది తాతల నాటి రైఫిల్‌నో, పాత రివాల్వర్‌నో వారసత్వంగా పొందినవాళ్లు. వాళ్లలో కొందరు దీన్ని ఎంతో మెచ్చుకుంటారు. మరికొందరు "గుండు తగిలినా జంతువు కన్నంలోకి పోయింది" అని నిరాశపడతారు. ఈ రెండు అనుభవాలూ నిజమే. తేడా తూటాలో కన్నా ఎక్కువగా దాని కొసన ఉన్న గుండులో ఉంటుంది. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే, ఆ గుండును ఏ వేగానికి తయారుచేశారు, అది ఏ వేగంతో జంతువును చేరుతోంది అన్న రెండింటి మధ్య పొంతనలో ఉంటుంది. ఈ వ్యాసంలో తూటా అంటే కేసు (ఇత్తడి తొడుగు), ప్రైమర్ (మందును అంటించే చిన్న పేలుడు బిళ్ల), మందు, గుండు కలిసిన మొత్తం కార్ట్రిడ్జ్ అనీ, గుండు అంటే గొట్టం నుంచి బయటికి వెళ్లే భాగం అనీ అర్థం చేసుకోవాలి.

ఎంపికకు ముందు చూడవలసినవి

అన్నిటికన్నా ముందు చూడవలసింది మీ తుపాకి. 1873 వించెస్టర్ యాక్షన్ (తూటాను ఎక్కించి, పేలేటప్పుడు వెనక నుంచి మూసి ఉంచే యంత్రభాగం) మోకాలి కీలులా మడిచే లింకుల మీద ఆధారపడినది. నల్ల మందు ఒత్తిడికి అది చాలు, అంతకు మించి అడగకూడదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1892 నమూనాలో బోల్ట్‌కు ఇరుపక్కలా నిలువు తాళాలు ఉంటాయి కనుక అది చాలా గట్టిది. మార్లిన్ 1894, బోల్ట్ యాక్షన్‌తో వచ్చిన సావేజ్ 23సీ, వించెస్టర్ 43 కూడా గట్టివాటిలోకే వస్తాయి. పాత కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లు బలంలో 1873 నమూనా కోవలోకే వస్తాయి. 20వ శతాబ్దం తొలి భాగంలో కంపెనీలు 80 గ్రెయిన్ల గుండుతో ఎక్కువ వేగం తూటాలను అమ్మినప్పుడు, వాటిని రివాల్వర్లలోనూ 1873 రైఫిళ్లలోనూ వాడవద్దని హెచ్చరించడానికి కారణం ఇదే. ఆ తూటాలు సాధారణ 32-20 తుపాకులన్నింటిలోనూ చక్కగా ఇమిడిపోతాయి కనుక, తుపాకి తానుగా మిమ్మల్ని ఆపదు, ఆపవలసింది మీరే.

రెండోది, గుండు జంతువును చేరే వేగం. అట్టపెట్టె మీద ముద్రించే వేగం గొట్టం మూతి దగ్గరిది, అదీ చాలాసార్లు 24 అంగుళాల రైఫిల్ గొట్టంలో కొలిచినది. 100 గ్రెయిన్ల సీసపు గుండు కంపెనీ తూటాకు ఆ వేగం సెకనుకు 1,210 అడుగులు. 100 గజాల దగ్గర అది 1,021కి, 200 గజాల దగ్గర 913కి పడిపోతుంది. అదే తూటాను పొట్టి గొట్టం ఉన్న రివాల్వర్‌లో పేలిస్తే మూతి దగ్గరే 900 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. అంటే రివాల్వర్ మూతి దగ్గరి వేగమూ, రైఫిల్ గుండు 200 గజాలు ప్రయాణించాక మిగిలే వేగమూ దాదాపు ఒకటే. గుండు తగిలాక విచ్చుకుంటుందా (ముక్కు పరుచుకుని వెడల్పవుతుందా) లేదా అన్న ప్రశ్నకు జవాబు ఈ ఒక్క పోలికలోనే చాలావరకు దొరుకుతుంది.

శక్తి అంకెలను మాత్రమే చూస్తే ఎలా పొరబడతామో ఇంకో పోలిక చెబుతుంది. రైఫిల్‌లో 32-20 సీసపు గుండుకు మూతి దగ్గర 325 అడుగు-పౌండ్ల శక్తి ఉంటుంది. 22 మ్యాగ్నం అనే చిన్న తూటాలోని 40 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,910 అడుగుల వేగంతో వెళితే దాని శక్తి 324. కాగితం మీద ఇవి కవలలు. పొలంలో మాత్రం వీటికి పోలికే ఉండదు: పలచని జాకెట్ (సీసం మీది రాగి తొడుగు) ఉన్న ఆ చిన్న హాలో పాయింట్ (ముక్కులో రంధ్రం ఉన్న గుండు) ప్రెయిరీ డాగ్ అనే బొరియ ఉడుతను అక్కడికక్కడే పడగొడుతుంది, గట్టి సీసపు 32 గుండు అదే జంతువులోంచి పెన్సిల్ దూసినట్టు దూసుకుపోయి, మిగిలిన శక్తినంతా వెనకున్న మట్టిలో వదిలేస్తుంది. శక్తి ఎంత ఉందన్నది ఒక సంగతి, అందులో ఎంత భాగం జంతువు దేహంలో ఖర్చవుతుందన్నది మరో సంగతి. రెండోదాన్ని నిర్ణయించేది గుండు నిర్మాణం.

మూడోది మ్యాగజైన్. లివర్ రైఫిళ్లలో తూటాలు, గుండు వెళ్లే గొట్టానికి కింద ఉండే మరో గొట్టంలో (అదే మ్యాగజైన్) ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి, ముందు తూటా ప్రైమర్‌కు వెనక తూటా ముక్కు ఆనుకుని ఉంటుంది. మొన తేలిన గుండు గానీ, గట్టి గుండ్రని ముక్కు గానీ పెడితే కుదుపుకు ప్రైమర్ పేలే ప్రమాదం ఉంది. కాబట్టి గొట్టపు మ్యాగజైన్ ఉన్నచోట చదును ముక్కు తప్పనిసరి. రివాల్వర్‌కు, పెట్టె మ్యాగజైన్ ఉన్న బోల్ట్ రైఫిల్‌కు ఈ నిబంధన లేదు.

ఇక మిగిలినవి పరిస్థితిని బట్టి ముందువెనకలవుతాయి: వేటాడేచోట రాళ్లు, ఇళ్లు, పశువులు ఉన్నాయా, జంతువు తోలు దక్కించుకోవాలా, వేటాడిన జంతువును అక్కడే వదిలేస్తారా, తీసుకుపోతారా, మీరు తూటాలను స్వయంగా నింపుకుంటారా, కొనుక్కుంటారా.

చదును ముక్కు సీసపు గుండు

ఈ తూటాతో పుట్టిన గుండు ఇదే. మొదట్లో దాని బరువు 115 గ్రెయిన్లు. నేడు కంపెనీ తూటాల్లో ఎక్కువగా కనిపించేది 100 గ్రెయిన్లది. సొంతంగా పోతపోసుకునేవాళ్లకు లైమన్ 311008 అచ్చు ఇప్పటికీ కొలబద్ద వంటిది. పాత గొట్టాల మెత్తని ఉక్కును ఇది అరగదీయదు. మ్యాగజైన్‌లో సురక్షితం. ఖర్చు తక్కువ. ఇన్ని మంచి గుణాలున్న దీని మీద ఫిర్యాదు ఎందుకు వస్తుందంటే, "సీసం" అన్న ఒక్క మాట కింద చాలా వేర్వేరు గుండ్లను కలిపేస్తాం కనుక.

శుద్ధ సీసం కాఠిన్యం బ్రినెల్ కొలతలో సుమారు 5. ఇరవై పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపితే 10 దగ్గరకు వస్తుంది. సీసం తొంభై, తగరం ఐదు, ఆంటిమొనీ ఐదు పాళ్లుండే లైమన్ రెండో నంబరు మిశ్రమం 15 వరకు ఉంటుంది. అచ్చుయంత్రాల లినోటైప్ లోహం 22 దాకా వెళుతుంది. చాలామంది పోతదారులు గొట్టంలో సీసం అంటుకోకుండా ఉండాలని గట్టి మిశ్రమాన్ని ఎంచుకుంటారు. అమ్మకానికి దొరికే పోత గుండ్లలోనూ గట్టివే ఎక్కువ. 32-20 వేగాల్లో అంత కాఠిన్యం అక్కర్లేదు. గుండు వ్యాసం గొట్టానికి సరిగ్గా కుదిరితే పదీ పన్నెండు కాఠిన్యం ఉన్న మెత్తటి మిశ్రమం కూడా గొట్టాన్ని శుభ్రంగానే ఉంచుతుంది. చిన్న జంతువు మీద 900 అడుగుల వేగంతో తగిలే గట్టి గుండు తన ఆకారాన్ని ఏమాత్రం మార్చుకోదు. మెత్తటి గుండు కనీసం ఎముకకు తగిలినప్పుడైనా ముక్కు చదునై, గాయాన్ని వెడల్పు చేస్తుంది.

ముక్కు మీది చదును భాగం ఎంత వెడల్పన్నది కూడా తేడా చూపుతుంది. విచ్చుకోని గుండుకు చదును ముక్కే ఏకైక ఆయుధం. గుండ్రని ముక్కు కండను పక్కకు నెట్టి జారిపోతుంది, వెడల్పాటి చదును ముక్కు కండను నలిపి తోసుకుంటూ పోతుంది. రివాల్వర్ కోసం సీసపు గుండు ఎంచుకునేవారికి నా సలహా ఒక్కటే: బరువు గురించి ఆలోచించే ముందు ముక్కు వెడల్పును, మిశ్రమం మెత్తదనాన్ని చూడండి. 115 గ్రెయిన్లా, 100 గ్రెయిన్లా అన్న చర్చ వాటి తరువాతే.

దీని పెద్ద లోపం రాళ్ల నేలలో బయటపడుతుంది. వేగం తక్కువ, బరువు చెక్కుచెదరదు, ముక్కలు కాదు. కాబట్టి గట్టి నేలకు ఏటవాలుగా తగిలిన సీసపు గుండు ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. జంతువులోంచి దూసుకుపోయిన గుండుకూ ఇదే వర్తిస్తుంది. ప్రెయిరీ డాగ్ తన మట్టి దిబ్బ అంచున నిలబడి, వెనక ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించకపోతే ఆ గుండును వదలకూడదు.

సీసపు హాలో పాయింట్

మెత్తటి సీసపు గుండు ముక్కులో రంధ్రం ఉంటే, రివాల్వర్ వేగాల్లో కూడా అది విచ్చుకుంటుంది. జాకెట్ గుండ్లు చేయలేని పని ఇది. రంధ్రం గోడలు మందంగా ఉండి మిశ్రమం మెత్తగా ఉంటే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, గోడలు పలచగా ఉండి మిశ్రమం గట్టిదైతే ముక్కు విరిగి రాలిపోతుంది. చిన్న జంతువుల మీద రెండో తీరు కూడా పనికొస్తుంది కానీ, ఏడెనిమిది పౌండ్ల వుడ్‌చక్ భుజం ఎముక మీద మొదటిదే నమ్మదగినది.

కష్టమల్లా దాన్ని తయారుచేసుకోవడంలోనే ఉంది. రంధ్రానికి సూది ఉన్న అచ్చు కావాలి, సూదిని వేడిగా ఉంచాలి, పోత నెమ్మదిగా సాగుతుంది, ఒకటి రెండు గ్రెయిన్ల తేడాలు తప్పవు. పోత పోయడంలోనే ఆనందం ఉన్నవారికి ఇది భారం కాదు. అంత ఓపిక లేనివాళ్లు ఈ రకాన్ని వదిలేసి, మెత్తటి చదును ముక్కుతో సరిపెట్టుకుంటే నష్టపోయేది కొంతే.

జాకెట్ సాఫ్ట్ పాయింట్

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రాగి మిశ్రమపు జాకెట్ లోంచి కొంచెం సీసం ముక్కు బయటికి కనిపించే 100 గ్రెయిన్ల గుండును చూడగానే ఆధునికమని అనిపిస్తుంది. కానీ 32-20 మామూలు వేగాల్లో ఆ జాకెట్ దాదాపు ఎప్పుడూ విచ్చుకోదు. అంటే మీకు దక్కేది సీసపు గుండు చేసే పనే, పైగా గొట్టానికి ఎక్కువ రాపిడి. గట్టి రైఫిల్‌లో వేగం బాగా పెంచినప్పుడు మాత్రమే దీనికి అర్థం ఉంది, ఆ వేగానికి హాలో పాయింట్ ఇంకా మేలు. చేటు జంతువుల కోసం ప్రత్యేకంగా దీన్ని కొనమని నేను ఎవరికీ చెప్పను; ఇప్పటికే ఉన్నవాటిని గురి సాధనకు వాడుకోవచ్చు.

జాకెట్ హాలో పాయింట్

32-20 గుండు వ్యాసం అంగుళంలో వెయ్యికి 312 వంతులు. 1984లో వచ్చిన 32 హెచ్ అండ్ ఆర్ మ్యాగ్నం, ఆ తరువాత వచ్చిన 327 ఫెడరల్ మ్యాగ్నం తూటాలు కూడా ఇదే వ్యాసం వాడతాయి. ఆ రెండింటి పుణ్యమా అని 32-20 వాడేవాళ్లకు మంచి జాకెట్ గుండ్లు దొరికాయి: గుండ్ల కంపెనీల్లో హార్నడీ తన ఎక్స్‌టీపీ రకాన్ని 85, 100 గ్రెయిన్లలో, సియెర్రా 90 గ్రెయిన్లలో, స్పీర్ 100 గ్రెయిన్లలో తయారుచేశాయి. ముక్కు చదునుగా ఉంటుంది కనుక గొట్టపు మ్యాగజైన్‌కు ఇబ్బంది లేదు, కాకపోతే క్రింప్ గాడి (కేసు మూతిని నొక్కి బిగించే గాడి) ఉన్న చోటికి కూర్చినప్పుడు తూటా మొత్తం పొడవు మీ రైఫిల్ ఫీడింగ్‌కు సరిపోతుందో లేదో చూసుకోవాలి. లివర్ యాక్షన్లు ఈ విషయంలో చాలా మొండివి.

గట్టి రైఫిల్‌లో 85 గ్రెయిన్ల హాలో పాయింట్ 32-20ని కొత్త తూటాగా మార్చేస్తుంది. మూతి దగ్గర వేగం 1,500 అడుగుల స్థాయికి చేరినప్పుడు 100 గజాల దగ్గర కూడా అది విచ్చుకునే వేగాన్ని నిలుపుకుంటుంది. జంతువు దేహంలోనే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, ముక్కలవడం వల్ల నేలను తాకి ఎగిరే ప్రమాదం తగ్గుతుంది, గుండు దారి కూడా చదునుగా ఉంటుంది. మార్లిన్ 1894, వించెస్టర్ 1892 ఉన్నవాళ్లకు ఇదే నా మొదటి ఎంపిక.

రివాల్వర్‌లో కథ తిరగబడుతుంది. విచ్చుకోవడానికి సాధారణంగా వెయ్యి అడుగుల పైన వేగం కోరే గుండు 900 అడుగులతో బయలుదేరితే, దాని రంధ్రంలో జంతువు వెంట్రుకలు ఇరుక్కుని అది మామూలు గుండులా దూసుకుపోతుంది. ఇంకో ముప్పు దీనికన్నా పెద్దది. జాకెట్ గుండు గొట్టంలో సీసం కన్నా గట్టిగా పట్టుకుంటుంది. పాత రివాల్వర్ మీద దయతో మందు తగ్గించి జాకెట్ గుండు పెడితే అది గొట్టం మధ్యలో ఆగిపోవచ్చు, అది గమనించకుండా రెండోసారి పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, కొన్నిసార్లు చీలుతుంది. చప్పుడు మందంగా వినిపించినా, వెనక్కి తన్నడం తక్కువనిపించినా వెంటనే ఆపి, తుపాకిని ఖాళీ చేసి, గొట్టం లోపల చూడాలి. మందు తూకాలకు గుండు తయారీదారులు ప్రచురించిన పట్టికలనే అనుసరించాలి; రైఫిల్‌కు వేరుగా, రివాల్వర్‌కు వేరుగా ఇచ్చిన పట్టికలను కలపకూడదు.

పాత ఎక్కువ వేగం 80 గ్రెయిన్ల తూటాలు

పాత పెట్టెల్లో ఇవి అప్పుడప్పుడూ కనిపిస్తాయి. 80 గ్రెయిన్ల హాలో పాయింట్ 2,000 అడుగుల పైన వెళ్లేది. ఆ వేగానికి శక్తి 700 అడుగు-పౌండ్లు దాటుతుంది, అంటే మామూలు తూటాకు రెట్టింపుకన్నా ఎక్కువ. చిన్న జంతువుల మీద 32-20 చూపిన అత్యుత్తమ పనితనం బహుశా దీనిదే. అయినా వాటిని పేల్చవద్దనే చెబుతాను. ఆ కాలపు ప్రైమర్లలో చాలావరకు తుప్పు పట్టించే లవణాలు ఉన్నాయి, దశాబ్దాలు నిలవ ఉన్న మందు ఎలా కాలుతుందో చెప్పలేం, పైగా ఆ పెట్టె ఏ రోజో ఒక రివాల్వర్ యజమాని చేతిలో పడుతుంది. సేకరణదారులకు ఆ పెట్టె విలువ ఎక్కువే. ఆ పనితనం కావలసినవారు గట్టి రైఫిల్, తేలికపాటి జాకెట్ హాలో పాయింట్, కొత్త మందు అనే దారిలో దానికి చాలా దగ్గరగా రావచ్చు.

సీసం లేని గుండ్లు

కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ అడవి జంతువును వేటాడడానికైనా సీసం లేని గుండునే వాడాలి. కాండర్ రాబందులు తిరిగే ప్రాంతంలో ఇలాంటి నిబంధన అంతకు ముందు 2008లోనే మొదలైంది. దీని వెనక కారణం చేటు జంతువుల వేటకు నేరుగా సంబంధించినదే: చంపి అక్కడే వదిలేసిన గ్రౌండ్ స్క్విరల్‌ను (నేల ఉడుతను) గద్దలు, రాబందులు తింటాయి, దానితోపాటు సీసపు తునకలనూ మింగుతాయి. ఇక్కడ గుండు రకం మళ్లీ ముందుకొస్తుంది. నెమ్మదిగా దూసుకుపోయే గట్టి సీసపు గుండు దేహంలో తక్కువ తునకలు వదులుతుంది. వేగంగా తగిలి పగిలిపోయే జాకెట్ హాలో పాయింట్ ఎక్కువ వదులుతుంది. జంతువును తక్షణం చంపే గుణమే ఆ కళేబరాన్ని గద్దలకు ఎక్కువ ప్రమాదకరం చేస్తుంది. నిబంధన లేని రాష్ట్రంలో ఉన్నవాళ్లు కూడా కళేబరాలను పాతిపెడితేనో, తీసుకుపోతేనో ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. నేను దీన్ని వేటగాడి కనీస బాధ్యతల్లో ఒకటిగా భావిస్తాను.

రాగి సాంద్రత 8.9, సీసానిది 11.3. అంటే ఒకే బరువుకు రాగి గుండు పొడవు పెరుగుతుంది. వించెస్టర్, మార్లిన్ రైఫిళ్ల గొట్టంలోని రైఫ్లింగ్ (గుండును తిప్పే మెలి గాడులు) 20 అంగుళాలకు ఒక చుట్టు మాత్రమే తిరుగుతుంది. పొడవాటి గుండును నిలకడగా ఉంచడానికి అది చాలదు. కాబట్టి రాగి వైపు వెళ్లేవారు తేలికైన, పొట్టి గుండ్లనే ఎంచుకోవాలి. గట్టి రైఫిల్‌లో అవి పనిచేస్తాయి. పాత రివాల్వర్‌లో రాగి గుండు జాకెట్ గుండు సమస్యలన్నింటినీ ఇంకా ఎక్కువగా తెస్తుంది కనుక, కాలిఫోర్నియాలో పాత కోల్ట్ ఉన్నవారు దాన్ని కాగితపు లక్ష్యాలకు ఉంచుకుని, వేటకు వేరే తుపాకి చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఒకచోట చూసుకోవడానికి

| గుండు రకం | రివాల్వర్, 1873 రైఫిల్‌లో | గట్టి రైఫిల్‌లో | విచ్చుకోవడం | ఎగిరిపడే ప్రమాదం | తోలుకు నష్టం |
|---|---|---|---|---|---|
| గట్టి సీసం, చదును ముక్కు | సురక్షితం, పని మధ్యస్థం | సురక్షితం | ఉండదు | చాలా ఎక్కువ | తక్కువ |
| మెత్తటి సీసం, చదును ముక్కు | మొదటి ఎంపిక | మామూలు వేగాల్లో బాగుంటుంది | ఎముకకు తగిలితే కొంత | ఎక్కువ | తక్కువ |
| మెత్తటి సీసం, హాలో పాయింట్ | చాలా మంచిది, తయారీ కష్టం | వేగం పెంచకూడదు | బాగుంటుంది | మధ్యస్థం | మధ్యస్థం |
| జాకెట్ సాఫ్ట్ పాయింట్ | వద్దు | అవసరం తక్కువ | అరుదు | ఎక్కువ | తక్కువ |
| జాకెట్ హాలో పాయింట్, 85–100 గ్రెయిన్లు | నమ్మకం లేదు | మొదటి ఎంపిక | వెయ్యి అడుగుల పైన బాగుంటుంది | తక్కువ | ఎక్కువ |
| సీసం లేని తేలిక గుండు | వద్దు | నిబంధన ఉన్నచోట | నిర్మాణాన్ని బట్టి | మధ్యస్థం | మధ్యస్థం |

ఎవరికి ఏది

పాత రివాల్వర్‌తో పొలం గట్ల మీద తిరుగుతూ 25 గజాల లోపు వుడ్‌చక్‌నో, కుందేలునో కొట్టేవారికి మెత్తటి, వెడల్పాటి చదును ముక్కు సీసపు గుండును మించింది లేదు. ఆ దూరంలో గుండు రకం కన్నా గురి ముఖ్యం. తల మీదో, భుజాల మధ్యనో పెట్టలేని దూరంలో ట్రిగ్గర్ నొక్కకూడదు. పోత పోసే అలవాటుంటే హాలో పాయింట్ అచ్చు మీద పెట్టిన డబ్బు వృథా కాదు.

1873 వించెస్టర్ ఉన్నవారు రైఫిల్ చేతిలో ఉంది కదా అని రైఫిల్ పట్టికల వైపు చూడకూడదు. వారికి మామూలు ఒత్తిడి సీసపు తూటాయే హద్దు. ఆ హద్దులో కూడా 24 అంగుళాల గొట్టం ఇచ్చే 1,200 అడుగులతో మెత్తటి సీసం రివాల్వర్‌లో కన్నా స్పష్టంగా మెరుగ్గా పనిచేస్తుంది. దూరం విషయంలో మాత్రం నిజాయితీగా ఉండాలి: 50 గజాలకు సరిచేసిన సైట్లతో ఈ గుండు 75 గజాల దగ్గర రెండంగుళాల పైచిలుకు, 100 గజాల దగ్గర సుమారు ఆరంగుళాలు కిందికి దిగుతుంది. వుడ్‌చక్ ప్రాణస్థానం మూడంగుళాల వెడల్పుకు మించదు. దూరాన్ని కంటితో అంచనా వేసేవారికి 75 గజాలే చివరి గీత.

1892 నమూనా గానీ, మార్లిన్ గానీ, బోల్ట్ రైఫిల్ గానీ ఉండి, తూటాలు స్వయంగా నింపుకునేవారు అదృష్టవంతులు. ఒకే రైఫిల్‌కు రెండు రకాలు సిద్ధం చేసుకోవచ్చు: ప్రెయిరీ డాగ్‌లకు, వుడ్‌చక్‌లకు 85 గ్రెయిన్ల జాకెట్ హాలో పాయింట్; ఇంటి దగ్గర, తక్కువ చప్పుడుతో, తక్కువ నష్టంతో పని జరగాల్సినచోట మామూలు వేగం సీసపు గుండు. రెండింటికీ సైట్ల అమరిక వేరుగా ఉంటుందని మరవకూడదు. ఏ పెట్టె ఏ రకమో దాని మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి, ముఖ్యంగా ఇంట్లో అదే తూటా వాడే రివాల్వర్ కూడా ఉన్నప్పుడు.

తోలు కోసం నక్కలను వేటాడేవారి లెక్క దీనికి తలకిందులు. వారికి విచ్చుకోని చదును ముక్కు గుండు చేసే చిన్న రంధ్రమే కావాలి. ఒకప్పుడు మాంసం పాడుకాకుండా టర్కీ కోళ్లను, కుందేళ్లను కొట్టడానికి 32-20కి మంచి పేరు వచ్చింది సరిగ్గా ఈ గుణం వల్లే. కానీ నక్క పది పన్నెండు పౌండ్ల జంతువు, కయోటీ అనే అమెరికా తోడేలు జాతి జంతువు ముప్ఫై పౌండ్లు కూడా దాటవచ్చు. కయోటీ మీద రివాల్వర్ వేగపు సీసపు గుండు చాలా దగ్గర్లో, చాలా కచ్చితంగా పడితే తప్ప సరిపోదు. తోలు కన్నా ఆ జంతువు బాధ పడకుండా చావడం ముఖ్యం కనుక, కయోటీకి రైఫిల్‌తో జాకెట్ హాలో పాయింట్ వాడి, తోలుకు పడే రంధ్రాన్ని కుట్టుకోవడమే సరైన పని.

తూటాలు కొనుక్కునేవారికి ఎంపిక చిన్నది. దుకాణాల్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం మామూలు ఒత్తిడి సీసపు గుండ్లే, వాటిలోనూ పాతకాలపు కౌబాయ్ దుస్తులు తొడుక్కుని ఆడే లక్ష్య పోటీల కోసం మరింత మెల్లగా నింపినవి ఉంటాయి. ఆ పోటీ తూటాలు వేటకు కావు. పెట్టె మీద రాసిన వేగం చూసి, రైఫిల్‌కు 1,200 దగ్గర ఉన్నవాటినే వేటకు తీసుకోండి.

కొనేముందు, నింపేముందు చేయవలసిన రెండు పనులు

మొదటిది గొట్టాన్ని కొలవడం. పాత 32-20 గొట్టాలు ఒకే కొలతలో ఉండవు. అంగుళంలో వెయ్యోవంతుల తేడాలు మామూలే. మెత్తటి శుద్ధ సీసపు ముక్కను నూనె రాసిన గొట్టం గుండా కొట్టి బయటికి తీసి మైక్రోమీటర్‌తో కొలిస్తే అసలు వ్యాసం తెలుస్తుంది. సీసపు గుండు దానికన్నా అంగుళంలో వెయ్యోవంతు పెద్దదిగా ఉండాలి. రివాల్వర్ అయితే సిలిండర్ గదుల మూతులను కూడా కొలవాలి, ఎందుకంటే అవి గొట్టం కన్నా సన్నగా ఉంటే గుండు గొట్టాన్ని చేరకముందే నలిగి చిన్నదవుతుంది. గొట్టం లోపల గుంటలు పడి ఉంటే మెత్తటి సీసం అంటుకుపోతుంది. అలాంటిచోట గ్యాస్ చెక్ (గుండు అడుగున రాగి మూత) ఉన్న లైమన్ 311316 వంటి గుండు సర్దుకుంటుంది.

రెండోది, మీరు వేటాడే దూరంలోనే పరీక్షించడం. నీళ్లలో రాత్రంతా నానబెట్టిన వార్తాపత్రికల కట్టను పెట్టెలో బిగించి, 10 గజాల దగ్గర కాకుండా 25కి ఒకసారి, 60కి ఒకసారి, 90కి ఒకసారి గుండు వదలండి. వెనక మట్టి గట్టు ఉండాలి. గుండును బయటికి తీసి, విచ్చుకున్న వెడల్పును, మిగిలిన బరువును, దూసుకుపోయిన లోతును కాగితం మీద రాసుకోండి. తడి కాగితం జంతువు కండ కాదు, దానికన్నా కొంచెం కఠినంగానే ప్రవర్తిస్తుంది. అయినా 60 గజాల దగ్గర విచ్చుకున్న గుండు 90 దగ్గర ముక్కు చెదరకుండా బయటికి వస్తే, మీ తుపాకిలో ఆ గుండు హద్దు ఎక్కడుందో మీ అరచేతిలో కనిపిస్తుంది. ఆ హద్దుకు ఓ పది గజాల ఇవతలే ఆగండి.